మొదటి గడిలో సంతకం

మా వదినతో మాట్లాడాలంటే ముందు కాస్త తయారై వెళ్లాలి. "రేపు వానట" అంటే "ఎవరన్నారు?" అంటుంది. "పక్కింటాయన" అంటే "ఆయనకెవరు చెప్పారు?" అంటుంది. "టీవీలో చూశాడట" అంటే అప్పుడు గానీ మేడ మీద ఆరేసిన బట్టలు తీయదు. ఈ ధాటికి తట్టుకోలేకే మా అన్నయ్య ముప్ఫై ఏళ్లుగా పేపరు వెనక కాపురం పెట్టాడు.

ఇంట్లో మాకు వదిన. శనివారం పొద్దున లైబ్రరీ మేడ మీది గదిలో మాత్రం ఆవిడ పేరు 'ఆధారం మేడమ్'. ఎదురుగా ఎవరూ అనరు లెండి. ఇంటర్నెట్‌లో అందరూ కలిసి, ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకుండా రాసే విజ్ఞాన సర్వస్వం ఒకటుంది కదా, అందులో కొత్తగా రాయడానికి వచ్చేవాళ్లకు ఆవిడ పాఠాలు చెబుతుంది. అక్కడ ఎవరైనా రాయొచ్చు. రాయడం చిటికెలో పని. రాసింది నిలబడాలంటే మాత్రం రెండు గండాలు దాటాలి: ఎక్కడి నుంచి తెలిసిందో చూపించాలి, ఇంకొకరి రాతను ఎత్తిరాయకూడదు. ఈ రెండిటికీ మా వదిన కాపలా.

ఈ కాపలా బుద్ధి ఆవిడకు ఉద్యోగంలో అబ్బింది. నీటి సరఫరా ఆఫీసులో ముప్ఫై ఒక్కేళ్లు ట్రేసర్‌గా చేసింది. ఇంజనీరు పెన్సిలుతో గీసిన బొమ్మ మీద పల్చటి కాగితం పరిచి, నల్ల ఇంకుతో గీతకు గీత ఎక్కించడం పని. తప్పు పడితే బ్లేడుతో గీకి, అక్కడ మళ్లీ గీయాలి. ప్రతి బొమ్మకూ కింద కుడివైపు మూలలో నాలుగు గడులుంటాయి. గీసినవారు, ట్రేస్ చేసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. వదిన సంతకం ఎప్పుడూ రెండో గడిలోనే. "బొమ్మ అంతా నా చేతి మీదుగా నడిచినా సరే, మొదటి గడి నాది కాదు" అంటుంది. కొత్తవాళ్లకు మొదటి రోజు పాఠం కూడా ఇదే. బోర్డు మీద నాలుగు గడులు గీసి, రెండో దాని మీద చాక్‌పీసుతో టకటకా కొట్టి, "మనందరం ఇక్కడ. ఆశపడి పక్క గడిలోకి పోవద్దు" అంటుంది.

చెప్పినంత తేలిక కాదు మనుషులకు ఎక్కించడం. బేకరీ నడిపే ఆవిడొకరు ఈతలో పతకాలు కొట్టిన తన పిన్ని గురించి రాసి, ఆల్బమ్‌లోంచి ఫొటో తెచ్చింది. పెట్టడానికి వీల్లేదంటే ముఖం ఎర్రబడింది. "ఫొటోలో ఉన్నది మా పిన్ని. ఉన్నది మా ఆల్బమ్‌లో. మరి నాది కాకపోతే ఎవరిదండీ?" అంది. వదిన ఫొటో వెనక్కి తిప్పి స్టూడియో ముద్ర చూపించింది. "కాగితం మీ సొత్తేనమ్మా. బొమ్మ మాత్రం తీసినాయనది. ఆయన లేకపోతే ఆయన పిల్లల్ని పట్టుకోండి, ఒప్పుకుంటున్నామని రాసిస్తే నేనే దగ్గరుండి పెట్టిస్తా" అంది. ఆవిడ రుసరుసలాడుతూ వెళ్లి, మూడు వారాలకు ఫొటోగ్రాఫర్ కూతురి చేత ఉత్తరం రాయించుకుని, దాంతోపాటు ఒక డబ్బా బిస్కెట్లు కూడా పట్టుకొచ్చింది.

అందరికంటే మొండి ఘటం ఎవరంటే నేనే. నేను లిఫ్టు మెకానిక్‌ని. ఇరవై ఆరేళ్లుగా ఊళ్లో వాళ్లందర్నీ పైకి తెచ్చింది నేనేనని చెప్పుకుంటుంటాను. లిఫ్టుల మీద వ్యాసం రాయమని వదినే కూచోబెట్టింది. మా కంపెనీ పుస్తకంలోంచి ఆరు పేజీలు పొందిగ్గా దించేసి ఇంటికెళ్లి భోంచేసి వచ్చేసరికి అంతా తుడిచిపెట్టుకుపోయింది. నేను అగ్గి మీద గుగ్గిలమయ్యాను. "నేను ఆ కంపెనీ మనిషిని వదినా! మా పుస్తకం మేం వాడుకుంటే మధ్యలో వీళ్లకేంటి?"

"లిఫ్టు బాగుచేస్తావు. అంతమాత్రాన లిఫ్టు నీదైపోతుందా?" అంది వదిన. "పుస్తకం చదువు. మూసెయ్. నీ బుర్రలో ఏం మిగిలిందో నీ మాటల్లో రాయి. తర్వాత తెరిచి, ఏ పేజీలో తెలుసుకున్నావో కింద చెప్పు. అంతే."

మూసేశాక నా బుర్రలో మిగిలింది ఒకటిన్నర పేజీ. అదే ఇప్పటికీ ఉంది. ఎవరూ తీయలేదు.

ఇక అసలు సంగతి. లైబ్రరీ గది కిటికీలోంచి చూస్తే ఊళ్లో పాత వాటర్ ట్యాంకు కనబడుతుంది. దాని చుట్టూ తిరుగుతూ పైకెక్కే ఇనప మెట్లు, నూట నలభై రెండు. మా నాన్న వెల్డరు. ఆ మెట్లు ఆయన చేసినవి. కొత్తగా రాయడం మొదలుపెట్టినప్పుడు, పదమూడేళ్ల కిందట, వదిన మొట్టమొదట రాసిన వ్యాసం ఆ ట్యాంకు మీదే. అందులో ఒక వాక్యం: 'ఆపిల్ పండు తొక్క తెగకుండా ఒలిచినట్టు ట్యాంకును చుట్టుకునే ఈ మెట్లకు రూపకల్పన చేసి నిర్మించినది...' అని మా నాన్న పేరు. నాలుగేళ్లకు ఒక పేపరు ట్యాంకు గురించి అర పేజీ వేసింది, నాన్న పేరుతో సహా. ఆ మరుసటి ఏడు మునిసిపాలిటీ వాళ్లు మెట్ల మొదట్లో ఇత్తడి పలక బిగించారు, నాన్న పేరుతోనే. అప్పటికి నాన్న పోయి చాలాకాలమైంది. పలక చూసి మా ఇల్లంతా ఒకటే సంబరం.

అమ్మకు కళ్లు మసక. మోకాళ్ల వైద్యానికి ప్రతి బుధవారం మా కంపెనీ వ్యానులో నేనే తీసుకెళ్తాను. వచ్చేటప్పుడు ట్యాంకు దగ్గర ఆపమంటుంది. "చదవరా" అంటుంది. నేను కిటికీలోంచి తల బయటపెట్టి పలక మీదున్నదంతా మైకులో చెప్పినట్టు గట్టిగా చదువుతాను. చివర నాన్న పేరు ఇంకాస్త సాగదీస్తాను. అమ్మ తలూపి "సరే పద" అంటుంది. ఎనిమిదేళ్లలో ఒక్క బుధవారం తప్పలేదు. ఎనభై ఆరేళ్ల మనిషికి వారానికి ఒక్క సంతోషం, అది నా చేతుల మీదుగా జరుగుతోందని నాకు గర్వంగా ఉండేది.

మొన్నటి బృందంలో ఒక నర్సు చేరింది. పెద్దాసుపత్రిలో పని. మందు చీటీ మూడుసార్లు చదివితే గానీ సూది ముట్టుకోని రకం. మూడో శనివారం వదిన ఒక పని పెట్టింది. ఏదో ఒక వ్యాసం తీసుకుని, కింద ఇచ్చిన ఆధారాలన్నీ తెరిచి సరిచూసి రమ్మంది. నర్సు పనిగట్టుకుని వదిన వ్యాసాన్నే తీసుకుంది. తర్వాతి శనివారం రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి లేచి నిలబడింది.

"మేడమ్, తప్పుగా అనుకోవద్దు."

"చూపించడానికి చేతిలో కాగితముంది. తప్పుగా ఎందుకనుకుంటాను? చెప్పండి."

"ఇది మీ వ్యాసం. ఇది పేపరు. ఈ నాలుగు వాక్యాలూ మక్కీకి మక్కీ ఒకటే. ఆపిల్ తొక్కతో సహా. మీరు పేపర్లోంచి దించినట్టున్నారు."

ఎత్తిరాయొద్దని ఏళ్ల తరబడి చెప్పిన మనిషినే దొంగ అంటోంది! నేను ఒంటికాలి మీద లేచాను. "ఎవరితో మాట్లాడుతున్నారో తెలుసా మీరు?"

"నువ్వు కూచో" అంది వదిన, నా వైపు చూడకుండానే. తర్వాత వ్యాసం పైన 'చరిత్ర' అని ఉండే చోట నొక్కి, గోడ మీద తెరకు ఎక్కించింది. ఎవరు ఏ రోజు ఏ నిమిషంలో ఏ అక్షరం మార్చారో అంతా అక్కడ ఉంటుంది. ఆ జాబితా అడుగుకు దిగింది. పదమూడేళ్ల కిందటి తేదీ, వదిన పేరు, ఆపిల్ తొక్క. "పేపరు నాకంటే నాలుగేళ్లు చిన్నది. వాళ్లే నా దగ్గర్నుంచి దించుకున్నారు, ఎక్కడిదో చెప్పకుండా. ఇక ఆపిల్ తొక్క అంటారా, విజ్ఞాన సర్వస్వంలో అలాంటి పోలికలు రాయకూడదని అప్పటికి నాకు తెలీదు" అంది.

అందరూ నవ్వారు. బేకరీ ఆవిడ చప్పట్లు కూడా కొట్టింది. నేను నర్సు వైపు చూసిన చూపు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

నర్సు మాత్రం కూచోలేదు. తెర మీద తేదీనీ చేతిలో కాగితాన్నీ మార్చి మార్చి చూస్తోంది. "మా వార్డులో ప్రతిదానికీ టైము రాస్తాం మేడమ్. ఏది ముందో ఏది వెనకో తెలియాలని. మరి పేపరు వాళ్లు మీ దగ్గర తీసుకున్నారంటున్నారు. మీ వ్యాసంలో మెట్ల వాక్యం పక్కనున్న అంకె నొక్కితే ఆధారంగా అదే పేపరు వస్తోంది. అంటే మీకు పేపరు సాక్ష్యం, పేపరుకు మీరు సాక్ష్యం. అసలు మొదట చెప్పిందెవరు?"

వదిన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇన్నేళ్లలో ఇంతకంటే మంచి ప్రశ్న ఈ గదిలో ఎవరూ అడగలేదు" అంది. "నేను కూడా అడగలేదు. ఆ అంకె పెట్టింది నేను కాదు, ఎవరో పాఠకుడు. పెట్టిన రోజు చూసి, పేపరు వాళ్లు వేరే ఎక్కడో కనుక్కుని రాశారు కాబోలని మురిసిపోయాను. తేదీలు చూడాలన్న ఆలోచనే రాలేదు. అందరికీ బోర్డు మీద గడులు గీసి చెప్పి, నేను మాత్రం మా మామగారి సంతకం మొదటి గడిలో పెట్టేశాను." తర్వాత నా వైపు తిరిగింది. "ఆ మాట నాకు చెప్పింది నువ్వు. నీకెవరు చెప్పారు?"

వదిన అందర్నీ టీ తాగి రమ్మని పంపింది. నేను ఆవిణ్ని వరండాలోకి లాక్కెళ్లాను.

"ఇంట్లో మాట్లాడుకుందాం వదినా."

"వ్యాసం ఇంట్లో లేదుగా."

"పేపరు వేసింది, పలక పెట్టారు. ఇంతకంటే ఇంకేం కావాలి నీకు? ప్రపంచంలో ఎవరికి నష్టం?"

"పలక పెట్టినవాళ్లు పేపరు చూశారు. పేపరు వాళ్లు నన్ను చూశారు. నేను నిన్ను నమ్మాను. నువ్వెవర్ని నమ్మావు? మామయ్య చెప్పారా నీతో, ఆ మెట్లు నేనే గీశానని?"

చెప్పలేదు. నాన్న ఏమీ చెప్పే మనిషి కాదు. సాయంత్రం వచ్చి, మంటలెత్తే కళ్ల మీద తడిగుడ్డ వేసుకుని పడుకునేవాడు. నాకు తెలిసిందల్లా ఆ తడిగుడ్డే. మరి ఆ మాట ఎక్కడిది? వరండాలో నిలబడి ఆలోచిస్తే అప్పుడు గుర్తొచ్చింది. ఆరో తరగతిలో నా పక్కన కూచునేవాడి నాన్న ఇంజనీరు. వాడు గొప్పలు పోతుంటే ఆపలేక, "ఆ ట్యాంకు మెట్లు గీసిందీ కట్టిందీ మా నాన్నే" అన్నాను. వాడి నోరు మూతపడింది. ఆ రుచి మరిగి ఇంకో పదిమందికి చెప్పాను. చెప్పగా చెప్పగా నాకే నిజమైపోయింది. కొత్తగా వచ్చిన వదినకూ చెప్పాను. పదకొండేళ్ల వయసులో కోసిన కోతను ఇత్తడిలో చెక్కి మెట్లకు బిగించారన్నమాట.

చెప్పేశాను వదినకు. తిడుతుందనుకున్నాను. నవ్వింది. తర్వాత కళ్లు తుడుచుకుంది. "అత్తయ్య సంగతే నాకు భయం. ఆవిడ బుధవారాలు నేను లాగేసుకున్నట్టవుతుంది" అంది.

"మరి ఉంచెయ్."

"భయమేసిందని దొంగ సంతకం ఉంచలేను నాయనా. రేపు ఈ గదిలో ఎవర్ని ఏ మొహం పెట్టుకుని అడగను? నిజంగా మామయ్యే గీశారేమో, నాకు తెలీదు. తెలీనిది రాశాను. అదే తప్పు. అత్తయ్యకు నేను చెప్తా."

"వద్దు. కోసింది నేను. నేనే చెప్తా" అన్నాను. అన్నానే గానీ, ఆవిడ మీద కోపంతో లోపల ఉడికిపోతున్నాను.

అందరూ టీ తాగి వచ్చాక, వాళ్లు చూస్తుండగానే వదిన ఆ వాక్యం తీసేసింది. ఎందుకు తీశారో రాసే చోట 'ఆధారం లేదు. మొదట రాసింది నేనే' అని రాసింది. పేపరు పట్టుకుని రేపెవరైనా మళ్లీ ఎక్కించకుండా చర్చా పేజీలో తేదీలతో సహా కథంతా పెట్టింది. తర్వాత నర్సును పిలిచి తన కుర్చీలో కూచోబెట్టి, "వచ్చేవారం ఆధారాల పాఠం మీరు చెబుతున్నారు" అంది. నర్సు బెదిరిపోయి కాదంటే ఒప్పుకోలేదు. సోమవారం మునిసిపాలిటీకీ పేపరుకూ ఉత్తరాలు కూడా వెళ్లాయి. నేను నాలుగు రోజులు వదినతో మాట్లాడలేదు. ఆవిడ పట్టించుకోలేదు కూడా.

బుధవారం వచ్చింది. అమ్మ మోకాళ్లకు పట్టీలు వేయించుకుని, ట్యాంకు దగ్గర ఆపించి, ఎప్పటిలా "చదవరా" అంది.

చదివాను. నాన్న పేరు దగ్గర సాగదీయలేకపోయాను. స్టీరింగు వైపు చూస్తూ "అది అబద్ధం అమ్మా" అని, ఆరో తరగతి నుంచి ఉత్తరాల దాకా అంతా కక్కేశాను. అమ్మ ఒళ్లో ఉన్న సంచీ గుండీ పెడుతూ తీస్తూ వింది.

"అయితే మీ వదిన తీసేసిందా?"

"కంప్యూటర్లో తీసేసింది. పలక కూడా తీయమని రాసింది."

"హమ్మయ్య" అంది అమ్మ.

నేను స్టీరింగు వదిలి అమ్మ వైపు తిరిగాను.

"గీసిన కాగితం ఆఫీసు నుంచి వచ్చిందిరా. మెట్లు ముగ్గురు చేశారు. మీ నాన్న, ఎడంచేతి వాటం మనిషొకడు, ఇంకొకాయన పొట్టిగా ఉండేవాడు. ఆ పొట్టాయన అందరికంటే పైన కూచుని అతికేవాడు, భయం లేదు ఆయనకు. మీ నాన్న ఎప్పుడు చెప్పినా 'మేం ముగ్గురం' అనేవాడు. 'నేను' అని అనగా ఒక్కసారి వినలేదు. పొట్టాయన పెళ్లాం ఈ పక్క వీధిలోనే ఉంటుంది. రోజూ ఇటే పోతుంది. ఆ పలక చదివి ఏమనుకుంటుందోనని నాకు తల కొట్టేసినట్టుండేది."

"మరి ప్రతివారం ఆపించి మరీ చదివించుకుంటావెందుకమ్మా?"

"మిగతా ఇద్దర్నీ ఎక్కించారేమోనని."

ఎనిమిదేళ్లు. నేను నాన్న పేరు సాగదీసి గర్వంగా ఆపేసిన ప్రతిసారీ, ఆవిడ తర్వాతి పేరు కోసం చెవి పెట్టి కూచుంది. రాకపోతే "సరే పద" అంది.

"చెప్పొచ్చుగా అమ్మా!" అన్నాను.

"మీరంతా అంత సంబరపడుతుంటే నోరెలా వస్తుందిరా? అయినా నన్నెవరడిగారు?"

నాలుగు రోజుల కోపం పక్కనపెట్టి వదినకు ఫోను చేసి, అమ్మ చెవి దగ్గర పెట్టాను. అమ్మ మళ్లీ అంతా చెప్పింది. అవతల ముక్కు చీదిన శబ్దం, ఆ వెంటనే అసలు గొంతు వినిపించింది.

"అత్తయ్యా, ఆ ఇద్దరి పేర్లూ ఎక్కడైనా అచ్చులో ఉన్నాయా?"

"వెల్డర్ల పేర్లు అచ్చులో ఎవరు వేస్తారమ్మా?"

"అయితే మీరు చెప్పినా సరే, వ్యాసంలో పెట్టలేను."

"పెట్టకు" అంది అమ్మ. "మీ మామయ్య పేరూ తీసేశావుగా. ఇప్పుడు ముగ్గురూ ఒకటే."

ఫోను నా చేతిలో పెట్టి, వ్యాను తియ్యమంది. మోకాళ్లు లాగుతున్నాయట.